కత్తెర పడని జుట్టు

కిందటి వారం మనం దారింకాని వాళ్ళన్నయ్య ఇంటి వంటగది కిటికీ దగ్గర నిలబెట్టి వదిలేశాం. చేతిలో చేపల పళ్ళెం, బయట సరస్సు మీంచి లేచి ఊరంతా కమ్ముకుంటున్న పొగమంచు, ఆ మంచులోంచి వచ్చి గేటు ముందు ఆగిన నల్ల కారు. అందులోంచి దిగినవాడు బ్లాజో. సోమవారం పొద్దున ప్రాసిక్యూటర్ దారింకా కోర్టులో ఎవరి మీద కేసు వెయ్యబోతోందో, ఆ బ్లాజోయే. చంకలో మూడేళ్ళ మనవడున్నాడు.

కేసు సంగతి మరిచిపోయినవాళ్ళ కోసం ఒక్క మాట. అవతలి ఒడ్డు నించి దీపాలార్పిన పడవల్లో సిగరెట్లు, సిగరెట్ల కింద తుపాకులు. ఇరవయ్యేళ్ళుగా ఇదే బ్లాజో బతుకుదెరువు. ఊళ్ళో కుక్కలకి కూడా తెలిసిన ఈ సంగతికి గట్టి సాక్ష్యం మాత్రం ఇన్నాళ్ళకి దారింకా చేతికి చిక్కింది. అదే సోమవారం ఐరోపా సమాఖ్య పెద్దలు రాజధానికి వస్తున్నారు. వాళ్ళ వాకిట్లో నిలబడి నిలబడి ఈ చిన్న దేశానికి కాళ్ళు వాచిపోయాయి. వాళ్ళు అడిగిన చట్టమల్లా చేసింది, వాళ్ళు వద్దన్నదల్లా మానేసింది. "ఇక చట్టాలు చాలంటున్నారమ్మా," అన్నాడు వేల్కో, సమాఖ్యతో బేరసారాలన్నీ నడిపే పెద్దమనిషి. "ఒక మనిషిని చూపించమంటున్నారు. బోనులో. పెద్ద తలకాయని. ఈసారి చూపించకపోతే మన మొహం మీద తలుపేస్తారు, మళ్ళీ ఎప్పుడు తీస్తారో వాళ్ళకే తెలీదు."

ఆ పెద్ద తలకాయ ఇప్పుడు దారింకా అన్నయ్య గోయ్కో గడపలో నిలబడి బూట్లకంటిన మట్టి దులుపుకుంటోంది.

మామూలు రోజైతే తలుపేసుకోవచ్చు. కానీ ఇవాళ సెయింట్ నికోలా రోజు, ఆ ఇంటి స్లావా. ఇంటిని కాచే దేవుడి పండుగ. స్లావాకి ఎవర్నీ పిలవరు, వచ్చినవాణ్ణి ఎవరూ పొమ్మనరు. చంపడానికొచ్చినవాడైనా సరే, ముందు తేనె కలిపిన ఉడికించిన గోధుమలు ఒక చెంచా తినిపించాలి, తర్వాతే తక్కినవి. బ్లాజో అంతా తెలిసే ఈ రోజు ఎంచుకున్నాడని దారింకాకి చప్పున అర్థమైంది.

"నీ ఇంటి దీపం చల్లగా వెలగాలి, గోయ్కో!" అన్నాడు బ్లాజో గడప దాటుతూనే.

"నీ రాక మంచిది. లోపలికి రా," అన్నాడు గోయ్కో. ఆ గొంతు గోయ్కోది కాదు, ఎవరో అరువిచ్చినట్టుంది.

స్లావా రోజున ఇంటాయన కూర్చోకూడదు. పొద్దుటి నించీ గోయ్కో నిలబడే ఉన్నాడు. సరస్సులో యాత్రికుల్ని పడవలో తిప్పి బతికే మనిషి, గాలివానలో తెడ్డు పట్టుకుని నిలబడ్డా తొణకనివాడు, ఇవాళ అతిథులకి రకియా సారా పోస్తుంటే గ్లాసు అంచు మీంచి బల్ల మీదకి ఒలికింది. అది చూసి బల్ల చివర కూర్చున్న మిలుటిన్ బాబాయ్ మీసం సవరించుకున్నాడు. ఎనభై దాటిన మనిషి. వంశంలో ఎవరు ఎవరికేమవుతారో, ఏ ఇంటికీ ఏ ఇంటికీ మధ్య పాత నెత్తురు పగ ఉందో, ఎప్పుడు రాజీ పడ్డారో ఆయన్నడగాలి.

బ్లాజో కూర్చున్నాడు. మనవణ్ణి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉపవాసపు పండుగ కాబట్టి బల్ల మీద మాంసం లేదు, అన్నీ సరస్సు చేపలే. ఎండు ప్లమ్ పళ్ళతో వండిన పెద్ద చేప ముక్క వేసుకుని తృప్తిగా నమిలాడు.

"జాగోర్కా, నీ చేతిలో పడ్డ చేప బతికున్నప్పటికంటే చచ్చాకే సుఖపడుతుందమ్మా."

అందరూ నవ్వారు. గోయ్కో భార్య జాగోర్కా కూడా నవ్వింది, కానీ కళ్ళెత్తలేదు.

"ఏమ్మా దారింకా, నిలబడే ఉన్నావే?" బ్లాజో చూపు ఇటు తిరిగింది. "ఇవాళ నిలబడాల్సింది మీ అన్నయ్య. నువ్వు కూర్చో. సోమవారం ఎలాగూ కోర్టులో పొద్దంతా నిలబడతావుగా."

"సోమవారం మీరూ నిలబడతారు, బ్లాజో గారూ. ఇప్పుడే కాళ్ళు నొప్పి పెట్టుకోవడం ఎందుకని."

మిలుటిన్ బాబాయ్ దగ్గాడు. పొరుగింటి దంపతులిద్దరూ చేపలో ముళ్ళు వెతుక్కోవడం మొదలెట్టారు. బ్లాజోకి మాత్రం కోపం రాలేదు. దారింకాని భయపెట్టింది అదే. మూడేళ్ళుగా ఆ మనిషిని చదువుతోంది, వాడు అరిచిన రోజున ఎవరికీ ఏమీ కాలేదు. ఆమెకి ముందు ప్రాసిక్యూటర్ కుర్చీలో కూర్చున్న ఇలియాతో వాడు నవ్వుతూ కాఫీ తాగాడు. ఆ వారమే ఇలియా కారు కొండదారి మలుపులో లోయలోకి పోయింది. బ్రేకులు పట్టలేదన్నారు.

"ఆ సమాఖ్య వాళ్ళు రానీ, నాకూ సంతోషమే," అన్నాడు బ్లాజో రొట్టె తుంచి మనవడికి పెడుతూ. "వీడు వియన్నాలో చదువుకోవాలి. అక్కడే నౌకరీ చెయ్యాలి. వాళ్ళు తలుపు తీస్తానంటే నేనడ్డమా? కాకపోతే ఆ తాళానికి నా తలకాయే చెవిగా దొరికిందా అని!"

"మిగతావి పెట్టి చూశాంలెండి. తిరగలేదు."

"ముక్కుసూటి పిల్ల," అన్నాడు బ్లాజో మెచ్చుకోలుగా, మిలుటిన్ బాబాయ్ వైపు తిరిగి. "వాళ్ళ నానమ్మ పోలిక కదూ?"

"ఆవిడ ఇంతకంటే మొండి," అన్నాడు ముసలాయన. గర్వంగా అన్నాడో దిగులుగా అన్నాడో తెలియలేదు.

అప్పుడు బ్లాజో లేచాడు. పిల్లాణ్ణి కుర్చీ మీద నిలబెట్టాడు. వాడి జుట్టు భుజాల కిందికి ఉంగరాలుగా వేలాడుతోంది, గోధుమరంగులో, ఆడపిల్ల జుట్టులా. పుట్టాక కత్తెర తగలని జుట్టు. దారింకా చూసింది, కానీ చూసిందేమిటో ఆ క్షణానికి తలకెక్కలేదు. కేసుల్లో పడి మనుషులు ఇంటి సంగతులు మరిచిపోతారు.

బ్లాజో టోపీ తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"గోయ్కో! దేవుడి పేరున, కూమ్ బంధాన్ని కాచే సెయింట్ యోవాన్ పేరున నిన్ను అడుగుతున్నాను. నా మనవడి మొదటి జుట్టు నీ చేత్తో తియ్యి. నా ఇంటికి కూమ్ అవ్వు."



ఈ కొండల్లో అన్నదమ్ములు కొట్టుకోవచ్చు, తండ్రీకొడుకులు కోర్టుకెక్కవచ్చు. కూమ్‌తో మాత్రం కుదరదు. పసివాడి తలమీంచి ఒక పాయ కత్తిరిస్తే చాలు, ఆ రెండిళ్ళూ ఒకటవుతాయి, రక్తం కంటే దగ్గరవుతాయి. కూమ్ మీద కూమ్ సాక్ష్యం చెప్పడు, తుపాకీ ఎత్తడు. అది ఒక మనిషితో ఆగే బంధమూ కాదు. ఇంటికీ ఇంటికీ ముడి పడుతుంది. దేవుడి పేరెత్తి అడిగాక కాదన్నవాడు ఈ సరస్సు చుట్టుపక్కల ఇంతవరకూ లేడు.

దారింకాకి పెళ్ళి కాలేదు. ఈ లెక్కన ఆమె ఇల్లు అన్నయ్య ఇల్లే.

అంతవరకైతే పాతకాలపు ఆచారమని పెదవి విరిచి కేసు వేసేసేది. అసలు ఉరి అక్కడ లేదు. ఐదేళ్ళ కిందట సమాఖ్య అడిగిన చట్టాల్లో ఒకటి రాయడానికి కూర్చున్నప్పుడు, ప్రాసిక్యూటర్లు ఎవరెవరి కేసుల నించి తప్పుకోవాలో తేల్చేటప్పుడు, భార్యాభర్తలు, తోబుట్టువులు, పిల్లలు అని రాసి ఊరుకోబోయారు. దారింకాయే పట్టుబట్టింది. "మీకు మా సంగతి తెలీదు. కూమ్ అని రాయండి. అన్నకి కూమ్ అయినా, తండ్రికి కూమ్ అయినా తప్పుకోవాల్సిందే అని రాయండి. మా దేశంలో దొంగతనాలన్నీ ఆ సందులోంచే పోతాయి," అని గంటసేపు వాదించింది. సమాఖ్య నించి వచ్చిన పెద్దలు ముందు నవ్వారు, తర్వాత తెగ మెచ్చుకున్నారు. పక్క దేశాలకి ఈ చట్టమే పాఠంగా చూపించారు. దారింకా ఆ వారమంతా మేఘాల్లో తేలింది.

ఇప్పుడు ఆ చట్టమే తిరిగొచ్చి ఆమె మెడ పట్టుకుంది. గోయ్కో చేతిలో కత్తెర ఒక్కసారి మూసుకుంటే చాలు, బ్లాజో కేసు ఆమెది కాకుండా పోతుంది. తన కింద పనిచేసే రాదూలేకి పోతుంది. ఆ కాగితాలు చేతికొస్తే రాదూలే ముందు జ్వరం తెచ్చుకుంటాడు, ఆనక సెలవు పెడతాడు. సోమవారం బోను ఖాళీగా ఉంటుంది. సమాఖ్య పెద్దలు ఖాళీ బోను చూసి, కాఫీ తాగి, విమానం ఎక్కుతారు. తాను ఆ చట్టం కాదంటే? తన చట్టాన్ని తానే తొక్కిన ప్రాసిక్యూటర్ని పట్టుకుని వేల్కో వాళ్ళ ముందు ఏ మొహంతో నిలబడతాడు?

"అన్నయ్యా, వద్దు," అంది. పెద్దగానే అంది.

గోయ్కో వినలేదు. విననట్టు నటించాడు. జాగోర్కా మెల్లగా లేచి గోడ బీరువా తెరిచింది. అందులోంచి మడత పెట్టిన చిన్న తెల్లచొక్కా తీసింది, దాని మీద పెట్టి ఉన్న కొత్త కత్తెర తీసింది. రెండూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

చొక్కా మెడ చుట్టూ ఎర్రదారంతో పూలు కుట్టి ఉన్నాయి. అలాంటి కుట్టు కుట్టడానికి పది రోజులైనా పడుతుంది. పసివాడి కొత్తచొక్కా, కత్తెర తెచ్చుకోవాల్సింది కూమ్ అయ్యేవాడే, అడగడానికొచ్చినవాడు ఖాళీ చేతులతోనే వస్తాడు. దారింకా ఆ పూలు చూస్తూ ఉండిపోయింది. అంటే వీళ్ళకి ముందే తెలుసు. తాను నిన్న సాయంత్రం వచ్చి ఇదే బల్ల దగ్గర కూర్చుని వదినతో కలిసి చేపలు శుభ్రం చేస్తూ, పాత కబుర్లు చెప్పుకుని నవ్వుతున్నప్పుడు కూడా, ఆ బీరువాలో ఈ చొక్కా ఉంది.

"ఒక్క నిమిషం," అంది అందరితో. గోయ్కో మోచెయ్యి పట్టుకుని వంటగదిలోకి లాక్కుపోయింది.

"ఎప్పటి నించి?"

గోయ్కో గోడకున్న తువ్వాలు అందుకున్నాడు.

"ఎప్పటి నించి అన్నయ్యా? ఎంతకి అమ్మావు నన్ను?"

"అమ్మాననకు." అతని మొహం కందిపోయింది. "ఏమైనా అను, ఆ మాటనకు. పిచ్చిదానా, నేను నిన్ను కొనుక్కుంటున్నాను."

"ఏమిటా మాట?"

"వాడు రేవుకొచ్చాడు. నా పడవలో కూర్చున్నాడు. నీ చెల్లెలు మంచిది గోయ్కో, చాలా మంచిది, ఆ కొండదారిలోనే కదా రోజూ వెళ్తుంది అన్నాడు. అంతే. తిట్టలేదు, బెదిరించలేదు. లేచి వెళ్ళిపోయాడు." గోయ్కో చేతులు రెండూ తువ్వాలుతో తుడుచుకుంటున్నాడు, తడి లేకపోయినా. "మర్నాడు మళ్ళీ వచ్చాడు. నా మనవడి జుట్టు ఇంకా తియ్యలేదు, నీకు ఇష్టమేనా అన్నాడు. కూమ్ ఇంటి ఆడపడుచు మీద వాడు చెయ్యెత్తలేడు దారింకా! వాడెంత దొంగైనా ఆ ఒక్క గీత దాటడు. దాటితే వాడి కొడుకులే వాడి మొహాన ఉమ్మేస్తారు. నీ చుట్టూ పోలీసుల్ని పెడతామని వాళ్ళంటే వద్దన్నావు. నేనింకేం చెయ్యను? ఇలియాని పెట్టెలో పెట్టి తెస్తే మోసినవాళ్ళలో నేనొకణ్ణి. ఆ పెట్టె ఎంత తేలిగ్గా ఉందో నీకు తెలీదు."

దారింకా తిట్టడానికి తెచ్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. చిన్నప్పుడు సరస్సులో మంచు పలకలు కట్టినప్పుడు తనని భుజాల మీద ఎక్కించుకుని బడికి మోసుకెళ్ళినవాడు వీడే. ఇవాళా అదే పని చేస్తున్నాననుకుంటున్నాడు.

"మరి దేశం, అన్నయ్యా?"

"దేశం ఇరవయ్యేళ్ళు ఆగింది. ఇంకో పదేళ్ళు ఆగుతుంది. నాకు చెల్లెలు ఒక్కతే."

"పదేళ్ళు ఆగితే ఈ సరస్సు మొత్తం వాడిదవుతుంది. నీ పడవా వాడిదే అవుతుంది. నీ పిల్లలు వాడి పడవలు తోలతారు, దీపాలార్పి."

గోయ్కో కళ్ళనిండా నీళ్ళు. "బతికి తోలనీ," అన్నాడు. ఆమెని పక్కకి తప్పించి గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆమె వెనకే వెళ్ళేసరికి బ్లాజో పిల్లాడి చొక్కా విప్పి కొత్తచొక్కా తొడుగుతున్నాడు. పిల్లాడికి ఎర్రపూలు నచ్చినట్టున్నాయి, వేలితో తడుముకుంటున్నాడు. మిలుటిన్ బాబాయ్ లేచి నిలబడ్డాడు. అంటే ఇక తంతు మొదలైనట్టే. గోయ్కో ఒక చేత్తో పిల్లాడి నుదుటి మీది పాయ పట్టుకున్నాడు. రెండో చేత్తో కత్తెర కోసం తడుముకున్నాడు.

కత్తెర అక్కడ లేదు. దారింకా చేతిలో ఉంది.

"ఇటియ్యి తల్లీ," అన్నాడు బ్లాజో మృదువుగా. "పిల్లలాటలొద్దు."

దారింకా తల వెనక ముడి విప్పింది. నలభై ఆరేళ్ళొచ్చినా ఆమె జుట్టు దట్టంగా నడుం దాకా ఉంటుంది. దాన్ని గుప్పిట బిగించి పట్టుకుని మెడ దగ్గర కత్తెర పెట్టింది. కొత్త కత్తెరే అయినా ఒక్క దెబ్బకి తెగలేదు. కరకరమంటూ నాలుగుసార్లు కొరకాల్సి వచ్చింది. తెగిన జుట్టు తెచ్చి గోయ్కో పాదాల దగ్గర పెట్టింది.

జాగోర్కా కెవ్వుమంది. పొరుగావిడ మూడువేళ్ళు చేర్చి శిలువ వేసుకుంది.

ఇక్కడి ఆడది ఊరికే జుట్టు కోసుకోదు. అన్నో తమ్ముడో చచ్చిపోతే, శవం ఇంట్లో ఉండగా కోసుకుంటుంది, కోసి పాడె మీద పెడుతుంది. దారింకా నానమ్మ తన తమ్ముడు యుద్ధం నించి చెక్కపెట్టెలో వచ్చిన రోజున అలాగే చేసిందట. ఆ తర్వాత చచ్చేదాకా తలగుడ్డ తియ్యలేదట.

"నా అన్నయ్య గోయ్కో ఇవాళ చచ్చిపోయాడు," అంది దారింకా. "నేను ఏడ్చేశాను. ఈ ఇంటికీ నాకూ ఇక సంబంధం లేదు. ఈ ఇంటికి ఎవరు కూమ్ అయినా నాకేమీ కారు."

చట్టం దృష్టిలో ఆ మాటకి చిల్లిగవ్వ విలువ లేదని ఆమెకి తెలుసు. ఆమె నమ్ముకున్నది చట్టాన్ని కాదు. చేతిలో ఉన్న కత్తెరని బ్లాజో వైపు చాచింది.

"తీసుకోండి. శవం దగ్గర జుట్టు తెగిన కత్తెర. మీ మనవడి నెత్తిన పెట్టండి."

బ్లాజో చెయ్యి ముందుకి రాబోయి ఆగిపోయింది. ఇరవయ్యేళ్ళలో ఎవరికీ కనపడనిది అప్పుడు అందరికీ కనపడింది, వాడి మొహంలో భయం. పిల్లాణ్ణి గబుక్కున కుర్చీ మీంచి దించి వెనక్కి లాక్కున్నాడు.

"చాలు," అన్నాడు మిలుటిన్ బాబాయ్. ముసలి గొంతు ఖంగుమంది. "ఆ కత్తెర పసివాడి తలకి తగలకూడదు. ఇవాళ ఈ కప్పు కింద ఇంకే కత్తెరా తియ్యకూడదు. బ్లాజో, నువ్వు అడిగావు, వాడు కాదనలేదు. నీ గౌరవానికేం లోటు రాలేదు. ఇక పిల్లాణ్ణి తీసుకుని వెళ్ళు."

దారింకా గోడకి ఆనుకుంది. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, గెలిచానేమో అనిపించింది. గోయ్కో కదల్లేదు. కాళ్ళ దగ్గర పడున్న జుట్టుకేసి చూస్తున్నాడు. తన పాడె తానే చూస్తున్న మనిషిలా ఉన్నాడు.

బ్లాజో తాపీగా మనవడికి కోటు తొడిగాడు, బొత్తాలు పెట్టాడు, మెడకి మఫ్లర్ చుట్టాడు. ఈపాటికి భయం వాడి మొహంలోంచి పోయింది. మళ్ళీ ఆ చిరునవ్వు వచ్చింది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"తెలివైనదానివే దారింకా. కానీ తొందర ఎక్కువ. మా వైపు ముందు మనిషి పోతాడు, తర్వాత చెల్లెలు ఏడుస్తుంది. నువ్వు ఏడుపు ముందే కానిచ్చేశావు." కాస్త ఆగాడు. "ఇక మిగిలిందేమిటో నువ్వే ఆలోచించుకో."

వాడు గేటు వైపు నడిచాడు, పిల్లాడి వేలు పట్టుకుని.

అప్పుడు గోయ్కో వంగి చెల్లెలి జుట్టుని రెండు చేతులతో ఎత్తి, కింద ఉండకూడదన్నట్టు, కిటికీ గట్టు మీద పెట్టాడు. మేకుకి తగిలించిన కోటు తీసుకున్నాడు.

"ఎక్కడికి?" జాగోర్కా అడ్డం వచ్చింది.

"వచ్చినవాణ్ణి గేటు దాకా సాగనంపొద్దూ? స్లావా కదా."

"వెళ్ళకు," అంది దారింకా. "అన్నయ్యా, వెళ్ళకు."

గోయ్కో ఆమె తలకేసి చూశాడు. ఎగుడుదిగుడుగా తెగిన జుట్టుని సరిచెయ్యబోయినట్టు చెయ్యెత్తి, మళ్ళీ దించేశాడు.

"చచ్చిపోయానన్నావుగా," అన్నాడు. నిష్ఠూరం లేదు ఆ గొంతులో, ఏమీ లేదు. తలుపు దగ్గరకి వేసి వెళ్ళాడు.

కిటికీలోంచి చూస్తే ఇద్దరు మనుషుల నీడలు మంచులో గేటు దగ్గర నిలబడి కనిపించాయి. ఏదో మాట్లాడుకుంటున్నారు. బ్లాజో చెయ్యి గోయ్కో భుజం మీద పడింది. తర్వాత గాలి సరస్సు మీంచి ఇంకో తెర మంచు తోసుకొచ్చింది, ఏమీ కనిపించలేదు. కారు తలుపులు మూసుకున్న చప్పుడు వినపడింది. ఒకటి. రెండు. మూడు.

ఆ మూడో చప్పుడుకి దారింకా గుండె గుభేల్మంది. చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. గేటు బార్లా తెరిచి ఉంది, అక్కడ ఎవరూ లేరు. సరస్సు దారి మలుపులో కారు వెనక దీపాలు ఎర్రగా కదులుతున్నాయి. వెనక అద్దంలోంచి పిల్లాడు ఆమెకేసి చెయ్యి ఊపుతున్నాడు, పక్కన గోయ్కో తల. ఎంత అరిచినా వెనక్కి తిరగలేదు.

ఎక్కించుకుని చంపడానికి తీసుకెళ్తున్నారా, లేక తనంతట తానే ఎక్కి, కత్తెర ఉన్న ఇంకో ఇంటికి పిల్లాడి జుట్టు తియ్యడానికి వెళ్తున్నాడా? ఆ రెండింటిలో ఏది జరగాలని కోరుకోవాలో కూడా తెలియక దారింకా నడిరోడ్డు మీద నిలబడిపోయింది.